ఒడ్డున మిగిలిన కొండపువ్వు

ఇటలీ నైరుతి తీరంలో, నేపుల్స్‌కు దక్షిణంగా చిలెంతో అనే కొండసీమ ఉంది. అక్కడ కొండలు మెల్లగా సముద్రంలోకి దిగవు. నీళ్ల అంచుదాకా వచ్చి, అక్కడే నిట్టనిలువునా విరిగి నిలబడతాయి. ఆ విరిగిన ముఖాల మీద, సున్నపురాతి నెర్రెల్లో, చలికాలం ఇంకా పోకముందే ఫిబ్రవరిలో ఒక పువ్వు పూస్తుంది. రాతికి అంటిపెట్టుకుని మందమైన, వెడల్పాటి ఆకుల గుత్తి. ఆకుల అంచులకు చిన్న చిన్న పళ్లు, తాకితే వేళ్లకు అంటే జిగురు. మధ్యలోంచి లేచిన కాడ చివర చిక్కని పసుపు రంగు పూలు గుంపుగా తలలు వంచుకుని ఉంటాయి. పువ్వు గొంతులో బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి పొడి. పేరు ప్రిములా పాలినూరి. పాలినూరో అగ్రం దగ్గర మొదలై, మరాతేయా మీదుగా కలాబ్రియాలోని స్కలేయా దాకా, తిన్నగా కొలిస్తే వంద కిలోమీటర్లు కూడా లేని తీరంలో తప్ప భూమి మీద మరెక్కడా అది తనంతట తాను పెరగదు.

మధ్యధరా సముద్రం చుట్టూ ఇలాంటి అరుదైన మొక్కలకు లోటు లేదు. ఆ సముద్రాన్ని ఆనుకున్న నేలల్లో సుమారు 25,000 జాతుల మొక్కలుంటే, వాటిలో దాదాపు సగం ఆ ప్రాంతం దాటి బయట కనిపించవు. ఒక్కో దీవికి, ఒక్కో అగ్రానికి తన సొంత మొక్కలు ఉంటాయి. నేను ఈ పువ్వు ఫొటోలు చూడడం మొదలుపెట్టింది అరుదైనదని కాదు. దాని చుట్టాలెవరో తెలిశాక చూపు తిప్పుకోలేకపోయాను.

ప్రిములాలు చలి మొక్కలు. నాలుగు వందలకు పైగా జాతులున్న ఆ ప్రజాతికి అసలు ఇల్లు హిమాలయాలూ, పశ్చిమ చైనా పర్వతాలూ. మంచు కరిగి నీరు జాలువారే చోట, చల్లటి తడినేల మీద అవి గుంపులుగా పూస్తాయి. యూరప్‌లో ఆల్ప్స్ పర్వతాల మీద ఆరిక్యులా అనే పసుపు ప్రిములా ఉంది. మన పాలినూరి దానికి దగ్గరి చుట్టం. ఆరిక్యులా శాఖలో పాతిక దాకా జాతులుంటే, మిగిలినవన్నీ ఆల్ప్స్, పిరనీస్, అపెనైన్స్ లాంటి పర్వతాలనే అంటిపెట్టుకుని ఉన్నాయి. ఇదొక్కటే సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల లోపు ఎత్తులో, కొన్నిచోట్ల అలల తుంపర తగిలేంత దగ్గర్లో ఉంది. మంచు ఎరగని తీరం, వాన అరుదుగా పడే పొడి వేసవి, ఉప్పుగాలి. కొండవాళ్ల పిల్లకు అక్కడేం పని?

వృక్షశాస్త్రవేత్తలు అనుకునే కథ ఇది. ఇరవై వేల ఏళ్ల కిందట హిమయుగం ముదిరినప్పుడు ఆల్ప్స్‌లో చాలా భాగం మంచు కింద ఉంది. అలాంటి చలికాలాల్లో పర్వతాల మొక్కలు దక్షిణానికి, పల్లానికి దిగి వచ్చాయి. చలి వెనక్కి తగ్గాక చాలా జాతులు మళ్లీ పైకి ఎక్కిపోయాయి. కొన్నిచోట్ల కొన్ని మిగిలిపోయాయి. వాటిలో ఒకదాని సంతతి కాలక్రమంలో వేరే జాతిగా స్థిరపడింది. ఈ కథలో నాకు మరీ నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ హిమయుగంలో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. ఈ రోజు అలలు కొట్టుకునే గోడల పాదాల నుంచి నీరు అప్పుడు కిందికీ దూరానికీ జరిగిపోయి ఉంది. మొక్క ఆ గోడల మీద అప్పటికే ఉండి ఉంటే, అది సముద్రతీరానికి వలస వచ్చిందనలేం. సముద్రమే పైకి లేచి దాని గుమ్మం దాకా వచ్చింది. వచ్చినవాణ్ణి పొమ్మనలేక, తానూ పోలేక, ఆ ఇద్దరూ ఇరుగుపొరుగులయ్యారు.

శాస్త్ర ప్రపంచంలో దాన్ని నమోదు చేసినవాడు నేపుల్స్ వృక్షశాస్త్రవేత్త విన్చెంజో పెటాన్యా. సంవత్సరం 1787. అగ్రం పేరే పువ్వుకూ పెట్టాడు. ఆ అగ్రం పేరు వెనక వర్జిల్ కావ్యం ఈనియడ్‌లోని ఒక మనిషి ఉన్నాడు. ట్రాయ్ నుంచి ఓడల్లో బయలుదేరిన ఈనియస్‌కు పాలినూరస్ చుక్కాని పట్టేవాడు. ఒక ప్రశాంతమైన రాత్రి నిద్రాదేవుడు మత్తు చల్లి అతన్ని చుక్కానితో సహా నీళ్లలోకి తోసేస్తాడు. అతను ఈదుకుంటూ ఇటలీ ఒడ్డు పట్టుకుంటాడు. బండ అంచును గోళ్లతో పట్టుకుని పైకి పాకుతున్న సమయంలో అక్కడివాళ్లు అతన్ని చంపేస్తారు. తర్వాత పాతాళంలో ఈనియస్‌కు ఎదురుపడి, తనకు అంత్యక్రియలు జరిపించమని వేడుకుంటాడు. ఆ చోటు ఎప్పటికీ నీ పేరుతోనే ఉంటుందని, ఈనియస్‌కు దారి చూపిస్తున్న జోస్యురాలు సిబిల్ అతనికి మాట ఇస్తుంది. సముద్రంలోంచి వచ్చి బండను పట్టుకున్నవాడి పేరు, కొండల్లోంచి వచ్చి అదే బండను పట్టుకున్న పువ్వుకు చేరింది.

ఇంతవరకూ చదివినవాళ్లకు ఒక మాట నోటిదాకా వచ్చే ఉంటుంది. ఎంత ఓర్పు, ఎంత పట్టుదల! రాతిలోంచి పుట్టి, ఉప్పు తిని, ఎండకు ఎండి, అయినా పూసింది చూడండి అని. ఇలాంటి మొక్కల గురించి ఎక్కడ చదివినా ఈ మెప్పు తప్పదు. కష్టాల్లో ఉన్నవాళ్లకు చూపించి ధైర్యం చెప్పడానికి ఈ పూలను బాగా వాడుకుంటాం. నాకు ఆ మెప్పు మీద చాలాకాలంగా గుర్రుగా ఉంది. దానికి కారణం మా పెద్దమ్మ.

పెద్దనాన్న పోయేనాటికి ఆవిడకు ముప్పై నిండలేదు. ఇద్దరు పిల్లలు. పుట్టింటివాళ్లు వచ్చి ఉండిపొమ్మన్నారు. ఆవిడ వెళ్లలేదు. అద్దెకున్న వీధి గదిలోనే కుట్టుమిషను వేసుకుని జాకెట్లు, లంగాలు కుట్టి పిల్లల్ని చదివించింది. మా బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా ఆవిడ ప్రస్తావన వచ్చేది. భూదేవంత ఓర్పు, ఆ ఓర్పుకు దణ్ణం పెట్టాలి అనేవారు. దణ్ణం పెట్టి, విస్తట్లో వడ్డించిన పులిహోర తిని, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవారు. ఆవిడను నేనొకసారి అడిగాను, పుట్టింటికి వెళ్లి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదు కదా పెద్దమ్మా అని. "అక్కడ కంచం దొరికేదే, మాట దొరికేది కాదు. ఇక్కడ గది ఇరుకే గానీ తలుపు గడియ నా చేతిలో ఉంది" అంది. ఇన్నేళ్లుగా మేమంతా ఓర్పు అని పిలిచినదాన్ని ఆవిడ ఒక్కసారీ ఆ పేరుతో పిలవలేదని అప్పుడు గమనించాను. ఆవిడ కష్టాన్ని కోరుకోలేదు. తనను ఎవరూ తొక్కని చోటును ఎంచుకుంది. ఆ చోటు ఇరుకుగా ఉంది, అంతే.

నిట్టనిలువు రాళ్ల మీద బతికే మొక్కల గురించి శాస్త్రం చెప్పేది దీనికి దగ్గరగానే ఉంది. మొక్కకు రాయి ఇష్టమై అక్కడ ఉండదు. చాలా రాతి మొక్కల్ని మంచి మట్టిలో వేసి, పక్కన కలుపు లేకుండా చూస్తే, రాతి మీద కంటే ఏపుగా పెరుగుతాయి. బయటి దేశాల తోటల్లో పాలినూరిని కుండీల్లో పెంచుతున్నవాళ్లున్నారు. ఇబ్బందల్లా పక్కవాళ్లతోనే. మధ్యధరా కొండవాలు మీద మట్టి ఉన్న ప్రతి చోటా ముళ్లపొదలు, గడ్డి, లెంటిస్క్ లాంటి గుబురు చెట్లు ముందే కూర్చుని ఉంటాయి. నీడ కమ్మి, వేళ్లు అల్లి, మెల్లగా పెరిగేదాన్ని ఊపిరాడనివ్వవు. వాటికి తోడు వేల ఏళ్లుగా మేకలు. మేకల తర్వాత నిప్పు. ఈ మూడూ చేరలేని చోటు ఒక్కటే, నిలువు గోడ. అక్కడ మట్టి గుప్పెడు, నీరు అంతంతమాత్రం. కానీ పోటీ లేదు, మేక నోరు అందదు, మంట ఎక్కడానికి ఎండుగడ్డి లేదు.

కెనడాలో నయాగరా జలపాతం ప్రాంతం నుంచి సాగే సున్నపురాతి గోడల మీద గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ లార్సన్ బృందం 1980ల చివర్లో ఇదే సంగతిని చెట్లలో చూసింది. గోడను పట్టుకుని వేలాడుతున్న, గిడసబారిన, సన్నటి తెల్ల సెడార్ చెట్లు కొన్నింటి వయసు వెయ్యేళ్లు దాటిందని వలయాలు లెక్కపెట్టి తేల్చారు. చుట్టూ నేల మీది అడవి ఎన్నోసార్లు నరికివేతకు గురైంది, పొలాలయింది, రహదార్లయింది. గోడ మీది చెట్లకు ఆ సంగతే తెలియదు. అంతకాలం అందరికీ అవి ఎదగలేని చెట్లలా కనిపించాయి. నిజానికి తూర్పు ఉత్తర అమెరికాలో అందరికంటే పాత అడవుల్లో అదొకటి.

పాలినూరి దేహం చూసినా సాహసం కంటే జాగ్రత్తే ఎక్కువ కనిపిస్తుంది. అది ఉత్తరం వైపు, వాయవ్యం వైపు తిరిగిన గోడలనే ఎక్కువగా ఎంచుకుంటుంది. మధ్యాహ్నపు ఎండ సూటిగా తగలదు, సముద్రపు తేమ నిలుస్తుంది. ఎండ ముదిరే వేళకు ఆకుల్లో చాలావాటిని ఎండిపోనిస్తుంది. లావుపాటి దుంపకాండంలో దాచుకున్నదానితో, నడిమి చిగురును మాత్రం కాపాడుకుంటూ, వేసవిని నిద్రలో గడిపేస్తుంది. శరదృతువు వానలతో మళ్లీ ఆకులు తొడిగి, మిగిలినవాటికంటే ముందే, చలిలోనే పూసేస్తుంది. దాని పూర్వీకులు మంచు కరిగినప్పుడు పూసేవారు. ఆ పాత చలిని ఇది మధ్యధరా శీతకాలంలో వెతికి పట్టుకుంది. ఎండతో యుద్ధం చేయడం కంటే ఎండ లేని నెలల్లో బతకడం మేలని దాని వంశం నేర్చుకుంది. ఆ గోడల మీదే ఉండే లిమోనియం మొక్కలు ఆకుల మీది గ్రంథుల ద్వారా ఉప్పును బయటికి నెట్టేస్తాయి. మరో పొరుగు, క్రిథ్మం, ఆకుల్నే నీటి సంచులుగా మార్చుకుంది. ఒక్కోదానికి ఒక్కో ఉపాయం. అన్నిటికీ చోటు మాత్రం అదే, వేలు దూరేంత నెర్రె.

ఆ పూల మధ్య జరిగే వ్యవహారం మరింత సున్నితం. ప్రిములాల్లో పూలు రెండు రకాలు. కొన్ని మొక్కల పూలలో కీలం పొడుగ్గా గొంతుదాకా లేచి ఉంటుంది, కేసరాలు లోపల దిగువన ఉంటాయి. మిగతా మొక్కల్లో ఇది తలకిందులు, కేసరాలు పైన, కీలం పొట్టిగా లోపల. ఒక రకం పుప్పొడి రెండో రకానికి చేరితేనే విత్తనాలు నిండుగా కడతాయి. తేనె కోసం వచ్చిన పురుగు ఒంటి మీద ఒక పువ్వులో ఎక్కడ పుప్పొడి అంటుతుందో, రెండో రకం పువ్వులో సరిగ్గా అక్కడే కీలాగ్రం తగులుతుంది. ఈ అమరిక అర్థాన్ని ప్రయోగాలతో విప్పి చెప్పినవాడు చార్లెస్ డార్విన్. దీని మీద 1862లో వ్యాసం రాశాడు, 1877లో పుస్తకమే వేశాడు. తన చిన్న చిన్న ఆవిష్కరణల్లో దీని అంత సంతోషం ఇచ్చింది మరొకటి లేదని ఆత్మకథలో చెప్పుకున్నాడు. పాలినూరిలోనూ ఈ రెండు రకాలున్నాయని నేపుల్స్ పరిశోధకులు పరిశీలించారు. ఇప్పుడు ఆ గోడను ఒకసారి ఊహించుకోండి. ఒక మడత మీద ఐదారు మొక్కలు మిగిలి, అవన్నీ ఒకే రకమైతే? ఫిబ్రవరి గాలిలో రెండో రకం ఉన్న మడత దాకా ఏ పురుగైనా ఎగిరి వెళ్లగలగాలి. కట్టిన విత్తనాల్లో ఎక్కువ భాగం కింద నీళ్లలోనే పడతాయి. నెర్రెలో పడి మొలిచిన కొన్నిటికి మొదటి వేసవి గండం. దుంప ఇంకా ఊరలేదు కాబట్టి దాచుకున్నదేమీ ఉండదు. ముదిరిన మొక్క తట్టుకుంటుందేమో గానీ, పసిమొక్కకు ఓర్పు అనేదే ఉండదు.

అందుకే ఓర్పును పొగిడే మాట నాకు ప్రమాదంగా తోస్తుంది. అన్నిటినీ తట్టుకుంటుంది అని ఒకసారి అనుకున్నాక, ఇంకొంచెం కూడా తట్టుకుంటుందిలే అనుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మా పెద్దమ్మ ఉన్న ఇల్లు అమ్ముడుపోయి గది ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు బంధువులెవరూ కంగారుపడలేదు. ఆవిడ ఎలాగోలా నెగ్గుకొస్తుందని అందరికీ నమ్మకం. ఆవిడ అన్నేళ్లు నెగ్గుకొచ్చింది ఆ గది ఉండబట్టి, ఆ వీధిలో పాతికమంది ఖాతాదారులు ఉండబట్టి. అవి పోయాక ఆవిడ ఓర్పుకు కాలు మోపే చోటు లేకుండా పోయింది. కొత్త పేటలో మిషను తెరిచినా పని రాలేదు. చివరికి ఏళ్ల తరబడి వద్దనుకున్న పుట్టింటి వంటింట్లోనే సర్దుకుంది.

పాలినూరికి ఆ నెర్రె పోయే దారులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ తీరం అందమైనది, వేసవిలో జనం పోటెత్తుతారు. గోడల పైఅంచుల దాకా ఇళ్లు, విడిదులు వచ్చాయి. కింద రోడ్ల మీద, రేవుల మీద రాళ్లు జారిపడకుండా కొండముఖాలకు ఉక్కు వలలు బిగిస్తారు, వదులైన రాళ్లను ముందే పడగొడతారు, అవసరమైతే సిమెంటు పోస్తారు. మనుషుల ప్రాణాల కోసం చేసే పని, తప్పుపట్టలేం. కానీ వదులైన రాళ్ల సందే ఈ మొక్క ఇల్లు. ఇక తోటల అందం కోసం దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన కార్పోబ్రోటస్ అనే తీగ మధ్యధరా తీరాలంతటా పాకి, రాళ్లను మందపాటి ఆకులతో కప్పేస్తోంది. మేకకు అందని చోటు దానికి అందుతుంది. వేల ఏళ్లుగా పోటీ లేదన్న ఒక్క ధీమాతో బతికిన గోడ మీదికి పోటీ పైనుంచి వేలాడుతూ దిగుతుంది.

ఇటలీవాళ్లకు దీని మీద ప్రేమ లేదని అనలేను. 1991లో ఏర్పడిన చిలెంతో జాతీయ వనానికి ఈ పువ్వే చిహ్నం. ఆ వనం 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. యూరోపియన్ సమాజం 1992లో తెచ్చిన ఆవాసాల రక్షణ ఆదేశంలో పాలినూరి పేరు ఉంది. ఆ ఆదేశంలో నాకు నచ్చేది దాని చూపు. అది మొక్కతో పాటు అది నిలిచిన చోటును కూడా కాపాడమంటుంది. మన శేషాచలం, కడప కొండల మీద మాత్రమే పెరిగే సైకస్ బెడ్డోమీ విషయంలోనూ ఇదే ప్రశ్న. మందు పేరిట దాని మగ శంకువులు కోసుకుపోకుండా అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టడి ఉంది. ఆ రాతి గుట్ట అలాగే ఉండాలన్న పట్టుదల మాత్రం చట్టంతో పాటు అక్కడి మనుషుల్లో కూడా ఉంటేనే నిలుస్తుంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించేది వేడి. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఆల్ప్స్ మీది ఆరిక్యులా శాఖవాళ్లు ఏడాదికేడాది ఇంకాస్త పైకి జరగగలరు. శిఖరం వచ్చేదాకా వాళ్లకు దారి ఉంది. పాలినూరికి పైకి అంటే రెండు వందల మీటర్లు, ఆ పైన పొదలు కాచుకుని ఉన్నాయి. కింద సముద్రం పెరుగుతోంది. గోడ మీద చల్లటి వైపు అనేది ఎంత చల్లగా ఉంటే దానికి అంత ఆయుష్షు. విత్తనాలను భద్రపరచాలి, అందులో రెండో మాట లేదు. ఉత్తరాన మరో తీరానికి తీసుకెళ్లి నాటాలా అన్న చర్చకు మాత్రం నేను తొందరపడను. అక్కడి నెర్రెల్లో అప్పటికే మరెవరో ఉంటారు. ముందుగా, ఇప్పుడున్న గోడను మొక్క పేరుతో లెక్కగట్టాలి. తాళ్లు కట్టుకుని దిగే శాస్త్రవేత్తలు, ఈ మధ్య అలాంటి గోడలను డ్రోన్లతో ఫొటోలు తీసి మొక్కలు లెక్కపెడుతున్నవాళ్లు ఆ పనిలోనే ఉన్నారు. వల బిగించే ఇంజినీర్లు కూడా కొండను కొలవడానికి వేసవి దాకా ఆగకుండా ఫిబ్రవరిలోనే పడవ వేసుకుని రావాలని నా కోరిక. వేసవిలో వస్తే వాళ్లకు ఎండిన ఆకులు మాత్రమే కనిపిస్తాయి. ఏ నెర్రె ఎవరిదో పూసినప్పుడే తెలుస్తుంది.